ఒంటి చేత్తో కట్టిన పాట



గిటారు నేర్చుకునే కుర్రాడున్న ఇల్లు మీ వీధిలో ఒక్కటున్నా ఈ స్వరాలు మీ చెవిన పడే ఉంటాయి. ముందు లావు తీగ ఒకటి మోగుతుంది. దాని వెంట సన్న తీగలు మూడు, ఒకదాని తర్వాత ఒకటి, మెట్లెక్కినట్టు పలుకుతాయి. పైమెట్టు దాకా వెళ్లి మళ్లీ దిగుతాయి. వినేవాళ్లకు ఎంతో శ్రమపడి కట్టిన వరస అనిపిస్తుంది గానీ, ఆ నాలుగు తీగల్లో దేన్నీ ఎడమచేత్తో నొక్కే పని లేదు. కుడిచెయ్యి ఒక్కటి చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి వారాల్లోనే వాయించేస్తారు.

అలా ఎందుకుందంటే, ఆ వరస పుట్టిన రోజున కట్టినవాడి రెండో చెయ్యి ఖాళీగా లేదు. ఆ చేతిలో టెలిఫోను ఉంది. అవతల దూరాన ఉన్న ప్రియురాలితో మాట్లాడుతూ, ఒళ్లో ఉన్న గిటారు తీగల్ని కుడిచేత్తో ఊరికే మీటుతూ ఉన్నాడాయన. పేరు జేమ్స్ హెట్‌ఫీల్డ్. మెటాలికా అనే అమెరికన్ బ్యాండు గాయకుడు. యుద్ధాలు, మరణశిక్షలు, పిచ్చాసుపత్రులు, వీటి మీద ఉరుముల్లాంటి పాటలు కట్టే బ్యాండు అది. అందులో ఇలాంటి ప్రేమపాటకు చోటు లేదని ఆయనే అనుకున్నాడు. అది తన సొంతానికి కట్టుకున్నది, బయటపెట్టేది కాదు. తోటివాళ్లు విని, పెట్టాల్సిందే అన్నారు. 1991లో వచ్చిన నల్ల అట్ట ఆల్బమ్‌లో 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' అలా చేరింది. ఆ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడైంది.

ఇవాళ నేను మీతో మాట్లాడాలనుకున్నది మెటాలికా అభిమానుల మధ్య ఎన్నో ఏళ్లుగా తెగని ఒక తగవు గురించి. పాట కట్టేవాడు తన సొంత గాయాన్ని, తన చికిత్సను, తన తప్పుల్ని పాటలో పెట్టొచ్చా? పెడితే అది పాటవుతుందా, లేక డాక్టరు ఎదుట చెప్పుకోవాల్సింది మన ఎదుట చెప్పుకున్నట్టవుతుందా? ఒక పక్షం వాళ్లు, ఆయన బాధ ఆయనది, మాకు కావలసింది పాట అంటారు. ఇంకో పక్షం వాళ్లు, ఆ బాధే లేకపోతే మీకు పాట ఎక్కడిదంటారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ తగవులో ఉన్నాను. రెండు పక్షాల్లోనూ ఉన్నాను.

ముందు గాయం సంగతి చెప్పాలి. హెట్‌ఫీల్డ్ 1963లో కాలిఫోర్నియాలోని డౌనీలో పుట్టాడు. తండ్రి లారీలు నడిపేవాడు. తల్లి శాస్త్రీయంగా పాడే గాయని. ఇద్దరూ క్రిస్టియన్ సైన్స్ అనే శాఖను నమ్మినవాళ్లు. ఆ నమ్మకంలో జబ్బుకు మందు ప్రార్థనే. డాక్టరు దగ్గరికి వెళ్లరు. బడిలో ఆరోగ్యం పాఠం మొదలవగానే ఈ పిల్లవాడు లేచి బయటికి వెళ్లి నిలబడాలి. తోటి పిల్లలందరూ చూస్తుండగా గుమ్మం దాటి వెళ్లే ఆ పిల్లవాణ్ని ఒక్కసారి ఊహించుకోండి. పదమూడో ఏట తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. పదహారో ఏట తల్లి క్యాన్సర్‌తో పోయింది, వైద్యం చేయించుకోకుండానే.

ఇదంతా పాటల్లోకి ఒక్కసారిగా రాలేదు. చాలా ఏళ్లు పట్టింది. 1981లో లాస్ ఏంజెలిస్‌లో లార్స్ ఉల్‌రిక్ అనే డెన్మార్క్ కుర్రాడితో కలిసి బ్యాండు పెట్టినప్పుడు ఆయన పాటల్లో వేగం ఉంది, కోపం ఉంది, తాను లేడు. 1984 జనవరిలో బోస్టన్‌లో వాళ్ల వాద్యాలు, సామాను దొంగలు ఎత్తుకుపోయారు. ఆయన ప్రాణంలా చూసుకునే ఆంప్లిఫయర్ కూడా అందులో పోయింది. ఉండడానికి ఇల్లు లేదు, చేతిలో డబ్బు లేదు. ఆ దిగులులో పుట్టింది 'ఫేడ్ టు బ్లాక్'. బతకాలన్న కోరిక మెల్లగా ఆరిపోతున్న మనిషి పాట అది. నెమ్మదిగా, మామూలు గిటారుతో మొదలవుతుంది. తొలి అభిమానుల్లో చాలామంది మండిపడ్డారు. నెమ్మది పాట కట్టారంటే అమ్ముడుపోయినట్టే అన్నారు. తగవు మొదలైంది అక్కడే. కానీ ఆ తర్వాత ఆ పాట విని చావు ఆలోచన మానుకున్నామని రాసినవాళ్ల ఉత్తరాలు బ్యాండుకు చాలా వచ్చాయి. ఒకడు తన చీకటి గురించి చెప్పుకుంటే ఇంకొకడు తన చీకటిలో ఒంటరిగా లేనని తెలుసుకున్నాడు. అంతకన్నా పాట చేయగల మేలు నాకు తెలియదు.

1988లో, తల్లిదండ్రుల నీడలో లోకం తెలియకుండా పెరిగిన కొడుకు వాళ్లకు రాసిన ఉత్తరంలా 'డయ్యర్స్ ఈవ్' వచ్చింది. 1991లో 'ద గాడ్ దట్ ఫెయిల్డ్', తల్లి నమ్మిన దేవుడి మీద. 1996లో 'అంటిల్ ఇట్ స్లీప్స్', ఒంట్లో చేరి ఎంతకీ వదలని జబ్బు మీద. అదే ఏడాది 'మామా సెడ్', ఈసారి కోపం చల్లారిన కొడుకు గొంతుతో. ఈ నాలుగింటినీ వరసగా వింటే ఒక కొడుకు తల్లి చావును ఎనిమిదేళ్ల పాటు ఎన్ని వైపుల నుంచి తడిమి చూశాడో తెలుస్తుంది. ముందు తల్లిదండ్రుల మీద కోపం, తర్వాత దేవుడి మీద, తర్వాత జబ్బు మీద, చివరికి తన మీద. ఈ పాటలు కట్టేటప్పుడు ఆయన పక్కన ఏ వైద్యుడూ లేడు.

ఇంకో చావు కూడా ఉంది. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో వాళ్ల బస్సు బోల్తా పడి బాస్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. నెల తిరిగేసరికి కొత్త మనిషిని తీసుకున్నారు, ఆ మరుసటి నెలలోనే మళ్లీ కచేరీలు మొదలుపెట్టారు. ఏడవడానికి వ్యవధి తీసుకోలేదు. ఆ కొత్తగా వచ్చిన జేసన్ న్యూస్టెడ్ పాపం ఏమీ చేయలేదు, పోయినవాడి చోట నిలబడ్డాడంతే. అతన్ని ఏళ్ల తరబడి ఆటపట్టించారు. 1988 ఆల్బమ్‌లో అతని బాస్ వాద్యం చెవికి ఆనకుండా తగ్గించేశారు. ఆ రికార్డు ఇప్పుడు పెట్టుకుని వింటే, ఉండాల్సిన చోట ఆ అడుగు శబ్దం ఉండదు. దుఃఖాన్ని చెప్పుకోకపోతే అది ఎటు తిరుగుతుందో ఆ ఖాళీలో వినపడుతుంది నాకు. కాబట్టి పాటల్లో ఏడుపెందుకు అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను.

పద్నాలుగేళ్లు భరించి 2001 జనవరిలో న్యూస్టెడ్ వెళ్లిపోయాడు. వేరే చిన్న బ్యాండులో వాయించుకుంటానంటే హెట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. దాంతో బ్యాండు పునాదే కదిలింది. వ్యవహారాలు చూసేవాళ్లు ఫిల్ టౌల్ అనే సలహాదారుణ్ని పిలిపించారు. ఆటగాళ్ల జట్లతో, ఇంకో రాక్ బ్యాండుతో పనిచేసి ఉన్న మనిషి. నెలకు 40,000 డాలర్లు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకప్పటి సైనిక స్థావరంలో తాత్కాలికంగా స్టూడియో పెట్టుకుని, ముందు కూర్చుని మనసులో మాట చెప్పుకోవడం, ఆ తర్వాత పాటలు కట్టడం మొదలుపెట్టారు. ఆ వేసవిలోనే హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సా కేంద్రంలో చేరాడు. నెలల తర్వాత తిరిగొచ్చి ఒక షరతు పెట్టాడు: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకానే పని. తాను లేనప్పుడు మిగిలినవాళ్లు ఆ పాటలు వినడం కూడా కుదరదు. కొత్త ప్రాణం నిలబెట్టుకుంటున్న మనిషి పెట్టుకున్న కంచె అది. మిగిలినవాళ్లకు ఊపిరాడలేదు.

అలా రెండేళ్లు నలిగి నలిగి 2003 జూన్‌లో 'సెయింట్ యాంగర్' వచ్చింది. పదకొండు పాటలు, గంటంపావు.

అప్పుడు నేను హైదరాబాదు శివార్లలో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. ఎవరో కంప్యూటర్‌లో రాసిచ్చిన సీడీ తెచ్చారు. ఒక గదిలో ఎనిమిదిమందిమి చేరాం. మొదటి పాట మొదలవగానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. డ్రమ్ముల చప్పుడు వింతగా ఉంది. స్నేర్ అనే చిన్న డ్రమ్ముకు అడుగున సన్నటి తీగలుంటాయి, ఆ తీగల వల్లే దానికి పొడిగా టక్కుమనే శబ్దం వస్తుంది. ఉల్‌రిక్ వాటిని వదులు చేసి వాయించాడు. ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో కొట్టినట్టు గంట సేపు ఖంగుఖంగున మోగింది. గిటారు సోలో ఒక్కటీ లేదు. కిర్క్ హామెట్ లాంటి గిటారిస్టును పెట్టుకుని ఒక్క సోలో లేదు! అయినా మా గదిలో రేగిన పోట్లాట డబ్బా గురించి కాదు, సోలోల గురించీ కాదు. మాటల గురించి.

మా వాడొకడున్నాడు. అందరిలోకీ వాడికే మెటాలికా మీద ప్రేమ ఎక్కువ. వాడు సగంలోనే లేచాడు.

"ఒరేయ్, ఇది మా ఇంట్లో రోజూ వినేదేరా" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. తర్వాత చాలా ఏళ్లకు గానీ చెప్పలేదు. వాళ్ల నాన్న తాగేవాడు. రాత్రి ఇల్లు పీకి పందిరేసేవాడు. పొద్దున్నే లేచి, కళ్లనీళ్లు పెట్టుకుని, భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసేవాడు. నాలోని రాక్షసుడు చేయించాడు, నేను మారతాను, నాకొక్క అవకాశం ఇవ్వండి. మర్నాడు రాత్రి మళ్లీ మామూలే. మావాడికి ఆ రాత్రుల కన్నా ఆ పొద్దుటి పశ్చాత్తాపమంటేనే ఎక్కువ అసహ్యం. 'సెయింట్ యాంగర్' మాటల్లో వాడికి వినపడింది ఆ ఒట్లే.

సొంత గోడు పాటలో పెట్టొద్దు అనేవాళ్లందరూ రాతిగుండెలవాళ్లని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ని. మావాడి సంగతి తెలిశాక ఆ మాట అనడం మానేశాను. చెప్పుకునేవాడి బరువు దిగుతుంది, సరే. వినేవాడి మీద అప్పటికే ఎంత బరువుందో మనకేం తెలుసు?

మరుసటి ఏడాది, 2004లో, ఆ రెండేళ్ల గోలంతా 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' అనే డాక్యుమెంటరీగా వచ్చింది. జో బెర్లింగర్, బ్రూస్ సినోఫ్‌స్కీ తీశారు. ఏ బ్యాండూ తన బలహీనతను ఇంత దగ్గరగా చూపించుకున్నట్టు నాకు తెలియదు. అందులో నాకు మరిచిపోలేని ఘట్టం ఒకటుంది. ఉల్‌రిక్ తన తండ్రికి ఒక కొత్త బాణీ వినిపిస్తాడు. ఆ తండ్రి టార్బెన్ ఒకప్పటి టెన్నిస్ ఆటగాడు, నెరిసిన పొడుగాటి గడ్డం, నెమ్మదైన మాట. అంతా విని, నేనైతే దీన్ని తీసేస్తాను అంటాడు. కొడుకు ముఖంలో రంగు మారిపోతుంది. కోట్లమంది అభిమానులున్న మనిషి, నాన్న ఒక్క మాటకు చిన్నపిల్లవాడైపోతాడు. ఎంత చికిత్స జరిగినా, ఎన్ని గంటలు మాట్లాడుకున్నా, ఆ సినిమాలో అన్నిటికన్నా సొంతమైన క్షణం అదే. అది పాటల్లోకి రాలేదు.

సరిగ్గా అక్కడే నాకు ఈ తగవులో అసలు ముడి దొరికిందనిపిస్తుంది. ఆ సినిమాలో పాటలెలా రాశారో కనపడుతుంది. అంతకుముందు ఇరవై ఏళ్లు హెట్‌ఫీల్డ్ ఒక్కడే ఒక మూల కూర్చుని మాటలు రాసుకునేవాడు. ఈసారి అందరూ కాగితాలు ముందేసుకుని బల్ల చుట్టూ కూర్చున్నారు. తలా ఒక మాట. నిర్మాత కూడా. అది ఎవరినీ పక్కన పెట్టకుండా కలిసి పనిచేయడం నేర్చుకునే పద్ధతి. బ్యాండుగా నిలబడడానికి వాళ్లకు అది అవసరమే. సలహాదారు కూడా మాటల్లో చెయ్యి పెట్టబోయే సరికి, ఈయన తానూ బ్యాండులో ఒకణ్ననుకుంటున్నాడేమో అని వాళ్లకే కంగారు పుట్టింది.

ఫలితం ఏమిటి? ఒక మనిషి గాయం నలుగురికీ సరిపడేలా కత్తిరించినట్టయింది. బడిగుమ్మం దాటి బయట నిలబడ్డ పిల్లవాడు అందులో లేడు. లారీ డ్రైవరు తండ్రి లేడు. తల్లి లేదు. కోపం ఉంది, కానీ ఎవరి మీదో తెలియదు. ఎవరికైనా వర్తించే మాటలు, అందుకే ఎవరివీ కాని మాటలు. అభిమానులు ఆ ఆల్బమ్‌ను మరీ సొంత గొడవ అని తిట్టారు. నాకేమో అది చాలినంత సొంతం కాలేదనిపిస్తుంది. టెలిఫోను పట్టుకుని ఒకే ఒక్క మనిషి కోసం మీటిన పాట లోకమంతా తమదే అనుకుంది. లోకానికంతటికీ చెప్పుకోవాలని రాసిన ఆల్బమ్ మా ఎనిమిదిమందికే అందలేదు.

దీన్ని మనం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు, పాడుకున్నదేమిటి? దేవుడి మీద ఫిర్యాదు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంత అయిందో లెక్క చెప్పి మరీ నిలదీశాడు. ఇంత ఖర్చు పెట్టించుకుని నన్ను కొరడా దెబ్బలకు వదిలేస్తావా అన్నాడు. అంతకన్నా సొంత గొడవ ఏముంటుంది? ఆ లెక్కలు మనవి కావు, ఆ చెరసాల మనది కాదు. అయినా ప్రతి ఊళ్లో, ప్రతి భజనలో, మూడున్నర శతాబ్దాలుగా అందరం మనదే అన్నట్టు పాడుకుంటున్నాం. నగ పేరు, ధర తీసేసి, నాకు అన్యాయం జరిగింది అని మాత్రం పాడి ఉంటే నిలిచేదా? అప్పుడు అది గోపన్నకు ఊరట అయ్యుండేది, మనకు కీర్తన అయ్యేది కాదు.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డు చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా బంధువొకరు తాగుడు మానే ప్రయత్నంలో ఉన్నప్పుడు, తోడుగా ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి వెళ్లాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన సంఘం అది, ఇవాళ మన ఊళ్లలోనూ ఉంది. గోడ మీద చిన్నచిన్న వాక్యాలు రాసిన కాగితాలు అతికించి ఉన్నాయి. ఈ ఒక్క రోజు గడిస్తే చాలు అన్నట్టుండే వాక్యాలు. సాహిత్యంగా చూస్తే వాటిలో ఏమీ లేదు. మా బంధువు మాత్రం ఆ ఏడాదంతా ఆ వాక్యాలనే పట్టుకుని నడిచాడు. రాత్రి పదకొండింటికి, దుకాణం ఇంకా తెరిచే ఉందని తెలిసిన వేళ, కొత్త ఉపమానం పనికిరాదు. అరిగిపోయిన వాక్యమే పనికొస్తుంది, మెట్ల పక్కన కమ్మీలాగా. దాని అందం ఎవరు చూస్తారు, పట్టుకుని దిగుతారు.

ఆ సమావేశం నుంచి వచ్చాక 'సెయింట్ యాంగర్' మళ్లీ విన్నాను. ఈసారి నాకు వినపడింది కమ్మీ పట్టుకున్న చెయ్యి. ఇప్పుడిప్పుడే చికిత్స నుంచి వచ్చి, రోజుకు నాలుగు గంటలే పనిచేయగల మనిషి, తనకప్పుడు తెలిసిన మాటల్నే పాడాడు. ఆ పాటలు బాగున్నాయని ఇప్పటికీ అనను. కానీ అది వాటిని తిట్టాల్సిన విషయం కాదని తెలిసింది. ఆ ఆల్బమ్ విని తాము తాగుడు మానామని, కోపాన్ని అదుపు చేసుకున్నామని చెప్పే అభిమానులు ఉన్నారు. వాళ్లకు అది పాట కాదు, కమ్మీ. వాళ్ల చేతుల్లోంచి దాన్ని లాక్కునే హక్కు నాకు లేదు.

తర్వాతి కథ కొంచెం వేగంగా చెబుతాను. 2008 ఆల్బమ్‌లో సోలోలు తిరిగొచ్చాయి, అభిమానులు శాంతించారు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ల కచేరీ జరిగింది. రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సింది ఆగిపోవడంతో, బెంగళూరులోనైనా జరుగుతుందో లేదోనని గుండె చేత పట్టుకుని కాచిగూడలో రైలెక్కాం, మావాడూ నేనూ. జరిగింది. ఆ రాత్రి, ఎప్పుడో ఫోన్లో పుట్టిన ఆ పాట మొదలైనప్పుడు మైదానమంతా ఒక్క గొంతయింది. దక్షిణాది భాషలన్నీ మాట్లాడే ఆ జనంలో ఎవరికి ఎవరు గుర్తొచ్చారో.

2019 సెప్టెంబరులో హెట్‌ఫీల్డ్ మళ్లీ చికిత్సకు వెళ్లాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కచేరీలు ఆగాయి. ఏళ్ల తరబడి నిలబెట్టుకున్నది జారింది. 2022 మేలో బ్రెజిల్‌లోని బెలో హొరిజోంటేలో, వేదిక మీద, వేలమంది ఎదుట ఆయన ఆగి ఒక మాట చెప్పాడు. ఇందాక లోపల ఉన్నప్పుడు నాకు ధైర్యం చాలలేదు, ముసలివాణ్నయిపోయాను, ఇక వాయించలేనేమో అనిపించింది, ఆ సంగతి వీళ్లతో చెప్పాను, వీళ్లు మేమున్నాం అన్నారు, అని. వెంటనే మిగిలిన ముగ్గురూ వచ్చి ఆయన్ని కావలించుకున్నారు. అందులో ఒకరు ఉల్‌రిక్, ఇరవై ఏళ్ల కిందట సినిమాలో ఆయన ముఖం మీదే అరిచినవాడు.

2023 ఏప్రిల్‌లో వచ్చిన '72 సీజన్స్' పేరుకు అర్థం మనిషి జీవితంలో మొదటి పద్దెనిమిదేళ్లు. ఏడాదికి నాలుగు రుతువుల లెక్కన డెబ్భై రెండు. ఆ వయసులోపు మనకు అబ్బిన నమ్మకాలే మిగతా జీవితాన్ని నడుపుతాయా అన్నది ప్రశ్న. మళ్లీ తగవు లేచింది. అరవై ఏళ్లొస్తున్నా ఇంకా చిన్ననాటి గాయాలేనా అన్నారు కొందరు. అందులో ఒక పాట పేరులోనే ఆత్మహత్య ఉంది. ఆ ఆలోచన మనసులోకి రావడం సిగ్గుపడి దాచుకోవాల్సిన విషయం కాదు, పైకి మాట్లాడాలి అన్నది దాని ఉద్దేశం. ఆ ఉద్దేశంతో నాకు ఏ పేచీ లేదు. ఇది వింటున్న మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉంటే, 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది. పగలైనా రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ ఆల్బమ్‌లో నాకు నచ్చింది చివరి పాట, 'ఇనమొరాటా'. పదకొండు నిమిషాలకు పైన, వాళ్లు కట్టినవాటిలోకెల్లా పొడవైన పాట. అందులో దుఃఖం ఒక ఆడమనిషి. భార్య కాదు, చాటుగా కలిసే ప్రియురాలు. వదిలేయాలని తెలుసు, కాళ్లు అటే వెళ్తాయి. తనకు దుఃఖం ఎందుకు వచ్చిందో ఆయన చెప్పడం మానేసి, దుఃఖంతో తాను ఎలా కాపురం చేశాడో చూపించాడు. 2003లో లేనిది ఇదే. దుఃఖానికి ఒక ముఖం వచ్చింది.

చివరిగా ఒక్క పాట గురించి చెప్పి ముగిస్తాను. 'సెయింట్ యాంగర్'లో ఆఖరిది 'ఆల్ వితిన్ మై హ్యాండ్స్'. ప్రేమించినవాళ్లను గుప్పిట్లో బిగించి ఊపిరాడకుండా చేసే మనిషి పాట. న్యూస్టెడ్‌ను బిగించినట్టే. 2003లో దాన్ని ఎనిమిది నిమిషాలు అరిచి, గుద్ది, పాడారు. ఆ తర్వాత వాళ్లే అరుదుగా తప్ప దాని జోలికి పోలేదు. 2017లో బడుగుల ఆకలికి, చదువులకు సాయం చేసే సంస్థ ఒకటి పెట్టుకుని దానికి ఈ పాట పేరే పెట్టారు. బిగించిన చేతుల పేరు, ఇచ్చే చేతులకు. 2019 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి చేసిన కచేరీలో దాన్ని మళ్లీ పాడారు. ఈసారి మామూలు గిటార్లతో, నెమ్మదిగా, డబ్బా చప్పుడు లేకుండా. మాటలు పాతవే. పాడిన మనిషి ఆ నెలలోనే మళ్లీ చికిత్సకు వెళ్లబోతున్నాడని ఆ రాత్రి సభలో కూర్చున్నవాళ్లకు తెలియదు. తెలిసి ఇప్పుడు వింటుంటే ఆ గొంతులో తొట్రుపాటు ఎక్కడుందో చెవి వెతుక్కుంటుంది.

ఆ రికార్డింగు మావాడికి పంపాను. పేరు రాయలేదు. వాడిప్పుడు వేరే దేశంలో ఉంటున్నాడు, ఇద్దరు పిల్లలు. వాళ్ల నాన్న పోయి నాలుగేళ్లయింది. చివరి ఆరేళ్లు ఆయన చుక్క ముట్టలేదని, అయినా తాను సరిగ్గా మాట్లాడలేదని ఒకసారి అన్నాడు. అరగంట తర్వాత వాడి దగ్గర్నుంచి ఫోను.

"ఇదేం పాటరా? కొత్తదా?"

చెప్పాను. హాస్టల్ గది, నువ్వు సగంలో లేచి వెళ్లిపోయిన సీడీ, దానిలో చివరి పాట అని చెప్పాను. నువ్వు అప్పుడు అంతదాకా వినలేదు అన్నాను.

చాలాసేపు అవతల ఏమీ వినపడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఉండు, మళ్లీ పెడతాను" అన్నాడు. ఫోను పెట్టేయకుండానే పెట్టాడు. అక్కడ వాడి గదిలోంచి, ఇక్కడ నా చెవిలోకి, ఆ గిటార్లు మొదలయ్యాయి.